గునుగు గింజలు

1948 జూన్. రజాకార్లకు భయపడి ఊరు విడిచి వచ్చిన అత్తాకోడళ్లు మల్కాజ్‌గిరి రైలు కట్ట పక్కన, చుట్టాల గుడిసెలో తలదాచుకున్నారు. తొలకరి పడిన పొద్దున అత్త గుడిసె ముందు ఏవో గింజలు చల్లుతోంది.

“ఏం గింజలు అత్తా?”

“గునుగు. మన చెల్క గట్టుమీదియి. వచ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చిన.”

“అవి పూసేది బతుకమ్మకు గదా! అప్పటిదాంక ఈడనే ఉంటమా?”

“ఉంటమేమో బిడ్డా.”

“వానలు షురూ గాంగనే వచ్చి తీస్కపోత అన్నడు గదా నీ కొడుకు. ఇయ్యాలో రేపో వస్తడు.”

అత్త ఇంకో గుప్పెడు గింజలు చల్లింది.

“ఇటు సూడు అత్తా. ఊర్లెకెల్లి ఎవరన్న వచ్చిన్రా?”

“మన పక్కింటి పర్వతాలు వచ్చిండు, వానకు వారం ముందే. మన వాడకట్టు మొత్తం తగలవెట్టిన్రట.”

“మరి ఆయన?”

“ఎడ్లను ఇడిపించెతందుకు కొట్టంలకు ఉరికిండట. మల్ల బయటికి రాలేదట. నువ్వు రోజూ తొవ్వ సూస్తుంటే చెప్పెతందుకు నాకు నోరు రాలే.”

కోడలు తడిమట్టిలో కూలబడింది. గింజలంటిన అత్త చేతిని పట్టుకుంది.

“గిన్ని దినాలు ఎట్ల దాసుకున్నవ్ అత్తా, ఒక్కదానివే?”