గోడకి ఎవరూ చెప్పలేదు

విశ్వవిద్యాలయం క్యాంపస్‌లన్నీ తిరిగి ఎండకి మాడి వచ్చిన బావ ఫోటోగ్రాఫరు. ఏసీ గది వదలని బావమరిది ప్రచార అధికారి. ఇద్దరి ముందూ కంప్యూటరు తెర, దాని మీద ఈ ఏటి ఫోటోల పుస్తకం.

“చెరువు అదిరిపోయింది బావా! గట్టు మీద కుక్కని మాత్రం తుడిచెయ్యి.”

“ఆ క్యాంపస్‌కి రోజూ టైముకి వచ్చేది అదొక్కటే. పోనీ, నీ ఇష్టం.”

“వెటకారం ఆపు. మైక్రోస్కోపు ముందు ఎవరు?”

“ప్రిన్సిపాలు. మూత తియ్యకుండానే అరగంట చూశాడు. ఏం కనపడిందండీ అని అడగలేదు, బాగుండదని.”

“తెల్లకోటు మాత్రం భలే ఉంది.”

“క్యాంటీను వంటాయనది.”

“ఉండనీ, ఉండనీ. తరవాతది... ఇదేంటి, కొండ మీది విత్తనాల లేబా? మళ్లీ పగులేంటి? పోయినేడాదే తుడిపించాగా!”

“ఫోటోలో తుడిపించావు. గోడకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అప్పుడు వేలు దూరేది, ఇప్పుడు చెయ్యి దూరుతోంది.”

“రిపేరుకి అడగమను వాళ్లని.”

“అడిగారు. మీ ఇంజినీరు కుర్చీలోంచి లేవకుండా నీ పుస్తకం తెరిచి చూపించాడట. ‘గోడ నున్నగా ఉందిగా, పగులెక్కడండీ?’ అని.”

“హహ్హ! అంటే మన పని అంత బాగా కుదిరిందన్నమాట!”

“భేషుగ్గా కుదిరింది. రేపు వానలకి గోడ పడినా పుస్తకం మాత్రం నిలబడుతుంది. ఒరేయ్, ఈ ఒక్కటీ ఉన్నదున్నట్టు వెయ్యరా. లోపల పిల్లలు పనిచేస్తున్నారు. నాకు భయంగా ఉంది.”

“నీకేం, కెమెరా సర్దుకుని పోతావు. పెద్దాయన చూస్తే ఊడేది నా ఉద్యోగం. పగులు తుడిచెయ్. ఆ కిటికీలో అటు తిరిగి నిలబడ్డ పిల్లనీ తుడిచెయ్. లేబులో బకెట్టేంటి అసహ్యంగా!”

“పైకప్పు కారుతుంటే నీళ్లు పట్టుకుంటోంది. అవునూ, మన పండు ఎలా ఉంది?”

“మాట మార్చకు. బాగానే ఉంటుంది. హాస్టల్లో ఉంటోందిగా, నాలుగు రోజుల్నించి ఫోనే కలవట్లేదు. పరిశోధనలో పడితే దానికి తండ్రీ గుర్తుండడు.”

“కొండ మీద సిగ్నలు లేదు కదా మరి.”

“కొండేంటి? అది ఇక్కడి లేబులో కదా ఉంది!”

“మారింది. ‘నాన్నకి చెప్పకు మావయ్యా, నేనే చెప్పి ఆశ్చర్యపరుస్తా’ అంది.”

“అంత దూరం ఎందుకు పోయింది? ఎవరు పొమ్మన్నారు?”

“నీ పుస్తకం. అందులో ఆ బిల్డింగు చూసి మనసు పారేసుకుందట. మా నాన్న వేయించిన పుస్తకం అని అందరికీ చూపించుకుంటోంది కూడా.”

“బావా... ఆ కిటికీ... కాస్త పెద్దది చెయ్యి.”

“చేశా. ఇదిగో.”

“ఆ జడ... ఆ నీలం బకెట్టు మా ఇంట్లోదే బావా...”

“ఊఁ. ఇప్పుడు చెప్పండి ఆఫీసరు గారూ. ముందు దేన్ని తుడవమంటారు, పగుల్నా, పిల్లనా?”