వారం రోజుల బుట్ట

ట్యునిస్ పాతపేటలో ఆదివారం. రేపు జైలుకి బుట్ట పట్టుకెళ్లే రోజు కాబట్టి మబ్రూకా కొడుకు నూఫెల్‌కి వారానికి సరిపడా వండుతోంది. కూతురు సిహామ్ డబ్బాలు తుడుస్తోంది.

“బంగాళాదుంపలు వెయ్యకమ్మా. పోయినసారి బుధవారానికల్లా పులిసిపోయాయట.”

“ఎవరు చెప్పారు, వాడేనా?”

“అన్నయ్యే. ఇంకెవరు చెప్తారు.”

“సరే, మనకుంచు. ఆకుకూర చూడు, నూనె పైకి తేలిందా?”

“తేలింది. వారమేంటి, పది రోజులైనా చెడదు.”

“ఆ గుడ్ల అట్టు, తాజీన్, ముక్కలు చిన్నగా కొయ్యి. పెద్దవైతే గేటు దగ్గర జవాను కత్తి పెట్టి కెలుకుతాడు. అట్టంతా పొడైపోతుంది.”

“కోస్తున్నా. అమ్మా, ఈ వారం కాస్త తగ్గిద్దామా?”

“ఏం, బరువా? నేను మోస్తాను పద.”

“ఆ మోకాళ్లతోనా? రెండు బస్సులు మారాలి.”

“వాడు చిక్కాడా?”

“లేదు. బానే ఉన్నాడు.”

“నవ్వాడా?”

“నవ్వాడులే.”

“నవ్వాడులే అంటే?”

“ఆ గరిటె పక్కన పెట్టు. ఒక మాట చెప్పాలి.”

“తర్వాత చెబుదువుగాని. మాంసం మాడుతుంది.”

“మాడనీ. అన్నయ్య అక్కడ లేడు. పండగ దాటినప్పట్నుంచీ లేడంటున్నారు, ఎక్కడికి మార్చారంటే చెప్పరు. గేటు దగ్గర ఒక ముసలావిడ ఒట్టి చేతులతో వస్తుంది. ఈ తిండంతా లోపలున్న ఆవిడ కొడుక్కిచ్చేసి, ఖాళీ డబ్బాలు తెచ్చి నీకు అబద్ధాలు చెప్తున్నాను.”

“మంచి పని చేశావు. ఆ అబ్బాయి తింటున్నాడా?”

“అమ్మా, నేను చెప్పేది వింటున్నావా? ఉత్తరాన కొండ మీద ఇంకో జైలుందట. రేపు అక్కడికి వెళ్తాను. అక్కడా లేకపోతే ఇంకోటి. దొరికేదాకా తిరుగుతాను.”

“తిరగొద్దు తల్లీ.”

“ఎందుకు?”

“పండగైన వారానికి జైలు నుంచి ఎవరో వచ్చి వాడి బట్టల మూట ఇచ్చిపోయారు. పూడ్చేశామన్నారు. ఎక్కడో చెప్పలేదు. నువ్వప్పుడు పనికెళ్లావు.”

“లేదు. లేదమ్మా. మరి ఇందాక, నవ్వాడా అని అడిగావు?”

“అడగబుద్ధయింది.”

“ఇన్ని ఆదివారాలు పొయ్యి ముందు నిలబడి... ఎవరికి వండావమ్మా?”

“నీకే. ఈ బుట్ట చంకనేసుకుని గుమ్మం దాటేటప్పుడు నీకింకా అన్నయ్య ఉన్నాడు. నీకన్నా ఉండనీ అనుకున్నాను.”