లెటీ అక్క అమ్మిన కార్డులు

లెటీ అక్క గురించా? ఎవరు చెప్పారే నీకు, మీ అమ్మేనా? ఆ పిల్లిని దింపి కూర్చో. మా నాన్నకి ఇక్కడే, స్కార్‌బరో సముద్రం ఒడ్డున పోస్టుకార్డుల కొట్టుండేది. వేసవిలో రైళ్ళు దిగిన జనమంతా కార్డులకి ఎగబడేవాళ్ళు. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేవేంటో తెలుసా, మాకూ ఓటుహక్కు కావాలనే ఆడవాళ్ళని వెక్కిరించే బొమ్మలు. కోరపళ్ళ ముసలమ్మలూ, పిల్లనెత్తుకుని బట్టలుతికే మొగుళ్ళూ, అలాంటివి. నాన్న కిటికీ నిండా తగిలించేవాడు. చెడ్డవాడు కాదమ్మా, అడిగినవి పెట్టేవాడు, అంతే. అక్క తీసెయ్యమని రోజూ పోరేది. ఆయన పేపరు చాటునుంచి ఊఁ అనేవాడు. ఆఖరికి ఏం చేసిందంటే, ఓటు సంఘంవాళ్ళ కార్డులు సంచీలో వేసుకుని తిన్నగా మా కొట్టు ఎదురుగానే నిలబడింది. ఓటున్న తాగుబోతు ఓ పక్క, ఓటులేని డాక్టరమ్మ ఓ పక్క, అదీ బొమ్మ. కాలిబాట మీద నిలబడితే దారికడ్డమని పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు. అందుకని కిందకి దిగి, రోడ్డు పక్క మురుగునీళ్ళలోనే నిలబడేది. చేపల బండివాళ్ళు ఊరుకుంటారా, “ఇంటికెళ్ళి సూపు కాచుకోవే” అనేవాళ్ళు. “కాచే వచ్చాను, కార్డు కొంటావా?” అనేది. నవ్వేసి కొన్నవాళ్ళూ ఉన్నారు. నాన్న మాత్రం కొట్టు కిటికీ అద్దంలోంచి చూసీ చూడనట్టుండేవాడు.

ఓరోజు ముసురు పట్టింది. ఎవడో బేరగాడు వెక్కిరింపు కార్డొకటి ఏరుకుని, బయట తడుస్తున్న అక్కని చూపించి, “ఇదిగో, బొమ్మకి ప్రాణమొచ్చింది” అని పకపకా నవ్వాడు. నాన్న వాడి చేతిలో కార్డు వెనక్కి లాక్కున్నాడు. “అది నా కూతురు” అన్నాడు. సరుకొచ్చిన చెక్కపెట్టె ఒకటి మోసుకుంటూ వానలోకి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర బోర్లించాడు. “ఎక్కి నిలబడు, కాళ్ళు నానిపోతున్నాయి” అన్నాడు. అక్క ఆ పెట్టెక్కి, అటు తిరిగి ఏడ్చింది. తర్వాత్తర్వాత కిటికీలో బొమ్మలూ తగ్గిపోయాయిలే.

మొదటి ప్రపంచయుద్ధం చివర్లో ఆడవాళ్ళకి ఓటిచ్చారు, ముప్ఫై నిండినవాళ్ళకే. అక్కకి నిండలేదు. ఆ ఏడే ఊరంతా జ్వరాలొస్తే అందులో పోయింది. నాకు ఓటేసే వంతొచ్చిన రోజు, ఆ చీటీ మీద గీత పెడుతూ అక్కని మనసులో పక్కన నిలబెట్టుకుందామని చూశానే. తనన్న మాటలన్నీ గుర్తున్నాయి. గొంతే... ఎంత తలుచుకున్నా ఆ గొంతు మాత్రం...

ఆ తలుపు దగ్గరగా వెయ్యమ్మా, చలిగాలి కొడుతోంది.