ఎడమ తెర

బల్ల కింద కేబుళ్ల మధ్య కూతురు. బల్ల మీద మూడు కంప్యూటర్ తెరలు. వాటి ముందు కుర్చీలో, కారు ఆట స్టీరింగ్ పట్టుకుని తండ్రి, రిటైరైన బస్సు డ్రైవరు.

"ఇప్పుడు?"

"మధ్యది వెలిగింది. కుడిది వెలిగింది. ఎడమది నల్లగానే ఏడుస్తోంది."

"సరిగ్గా చూసి చెప్పు నాన్నా."

"ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి, టీవీ వెలిగిందో లేదో చెప్పలేనా?"

"టీవీ కాదు, మానిటర్."

"పేరేదైతేనేం, వెలగలేదు. కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నానంటావు. పాపం నీ కస్టమర్లు!"

"మధ్య తెర మీద ఏం రాసుందో చదువు."

"'మూడు తెరలూ కలిపి ఒకటిగా చేయబడినవి.'"

"మరి?"

"మరేముంది, కంప్యూటర్ అబద్ధాలాడుతోంది. నీ పెంపకం!"

"ఆగు. ఎడమ కేబుల్ కుడిదానికి, కుడిది ఎడమదానికి పెట్టా. కేబుల్ పోయుంటే ఇప్పుడు కుడిది ఆరిపోవాలి. ఆరిందా?"

"లేదు. ఎడమదే."

"అదెలా? తల గట్రా తిప్పుతున్నావా?"

"తిప్పితే ఒట్టు! సూటిగా రోడ్డే చూడు, పక్క తెరలు కంటి కొసల్లో కనపడతాయి అన్నది నువ్వేగా?"

"అదే దీని గొప్ప. బస్సు ముందద్దంలోంచి చూసినట్టుంటుంది."

"నా బస్సుకి అద్దం ఓ పక్క నల్లగా ఉండేది కాదమ్మా."

"వెటకారం చాలు, పందెం గుర్తుంచుకో. ఈ గేమ్‌లో దేన్నీ గుద్దకుండా మూడు రౌండ్లు తిప్పితే కారు తాళాలు నీ దగ్గరే. గుద్దావో, నాకిచ్చెయ్యాలి. రేపట్నుంచి పాపని బడికి నేనే దింపుకుంటా."

"రెండు గీతలు పడ్డాయని కన్నతండ్రి దగ్గర తాళాలు లాక్కునే కూతుర్ని నిన్నే చూశా."

"రెండా? నాలుగు. నాలుగూ ఎడమ పక్కే."

"గేటు స్తంభం కట్టిన మేస్త్రీని అడుగు. దారికడ్డంగా కట్టిపోయాడు."

"పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. మరి వీధి మొగలో చెత్తడబ్బా? అదీ మేస్త్రీయే కట్టాడా?"

"అది అంతకుముందు అక్కడ లేదు."

"అవునవును. నీ కారు చూసి ముచ్చటపడి పరిగెత్తుకొచ్చింది."

"బస్సులో అయితే ఎడమ తలుపు దగ్గర కండక్టర్ ఉండేవాడు. విజిలేసి చెప్పేవాడు."

"నీ మనవరాలికో విజిల్ కొనిస్తాలే."

"దానికి విజిలెందుకు, గొంతుందిగా! మొన్న బడి మలుపులో ఒకటే కేకలు, 'తాతా సైకిలు, తాతా సైకిలు' అని. పిరికిది, అంతా నీ పోలికే."

"ఏ సైకిలు?"

"ఏమో! నాకే సైకిలూ కనపళ్లేదు. ముందు నీ పని కానీ."

"...సరే, స్విచ్ కట్టేశా. రెండు మానిటర్లనీ అటుదిటు, ఇటుదటు మారుస్తా. లే. కాస్త జరుగు. ఆఁ, ఇంక కూర్చో. మళ్లీ బల్ల కిందకి పోతున్నా, నా నడుం నీకే అంకితం. ఇదిగో, వేశా. ఇప్పుడు?"

"కుడిది దివ్యంగా ఉంది. మధ్యది దివ్యంగా ఉంది."

"ఎడమది?"

"అమావాస్య."

"కేబుల్ మార్చా, మానిటర్ మార్చా. ఇంక మార్చనిదేం మిగిలింది నాన్నా?"

"నువ్వు! నిన్ను మారిస్తే సరిపోతుంది."

"ఉండు, బయటికొచ్చి నేనే చూస్తా."

"రా. చూసి తరించు."

"నువ్విప్పుడు ఎటు చూస్తున్నావు?"

"ఎటేంటి, సూటిగా మధ్య తెరనే."

"నాన్నా. తల ఎడమకి తిప్పు."

"తిప్పొద్దన్నది నువ్వేగా..."

"తిప్పు."

"ఓరి! ఇదెప్పుడు వెలిగింది?"

"మొదట్నుంచీ వెలుగుతూనే ఉన్నట్టుంది. మూడూ."

"ఉండు. మళ్లీ సూటిగా చూస్తా... పోయింది. అమ్మాయ్, పోయిందే."

"కంగారు పడకు నాన్నా. పద, ఇప్పుడే కంటి డాక్టర్ దగ్గరికి."

"తాళాలు చొక్కా జేబులో ఉన్నాయి. తీసుకో."

"పందెం ఇంకా మొదలే కాలేదుగా."

"తీసుకో తల్లీ. నేను పాపని కసిరి నోరు మూయించానే... ఆ సైకిలు నిజంగానే ఉందన్నమాట."