జన్మలో అరగని కత్తి

యంత్రాల భాగాలకు లేజరుతో గట్టి పూతలు వెయ్యడంలో అల్లుడు పేరుమోసినవాడు. అయినా గుడ్డలో చుట్టిన కూరల కత్తిని అత్తగారి ముందు పెట్టేసరికి అతనికి ముచ్చెమటలు పట్టాయి.

"పదును పెట్టించుకు రమ్మంటే రెండు నెలలా బాబూ?"

"ఉత్త పదును కాదత్తయ్యగారూ. ఐదు లోహాల పొడి సమపాళ్ళలో కలిపి, లేజరుతో కరిగించి పూత వేశాను. ఇక జన్మలో అరగదు."

"పక్కింటావిడ పట్టుకెళ్ళి డబ్బా మూతలు పెకలించినా?"

"గీత కూడా పడదు."

"ఏదీ, ఆ టమాటా ఇలా ఇవ్వు."

టమాటా తెగలేదు. చితికి, రసమంతా అతని చొక్కా మీద పడింది.

"ఇదేంటి నాయనా?"

"అదే... ముందు పదును పెట్టి, తర్వాత పూత వెయ్యాలి. నేను తొందర్లో మొద్దు కత్తికే వేసేశాను."

"అయితే ఇప్పుడు పెట్టు."

"పెట్టానండీ. మూడు సానరాళ్ళు అరిగిపోయాయి. కత్తి అరగలేదు."

"అంటే, జన్మంతా మొద్దుగానే ఉంటుందన్నమాట."

"మా దగ్గర ఇంత గట్టి పూత ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

అత్తగారు కత్తిని తుడిచి, మళ్ళీ గుడ్డలో భద్రంగా చుట్టింది.

"బెంగపెట్టుకోకు. నేను కొత్తది కొనుక్కుంటాలే. ఇది పక్కింటావిడ అడిగినప్పుడు ఇవ్వడానికి."

"ఆవిడకి మాత్రం ఎందుకు పనికొస్తుందండీ?"

"ఇన్నేళ్ళూ నా కత్తి పట్టుకెళ్ళి మొద్దు చేసి తెచ్చింది. ఇప్పుడు చెయ్యమను, చూస్తాను!"