నీళ్లు పోసే మంత్రగత్తె

నంద్యాలలో ఒక ఇంటి అరుగు మీద ముసలి మొగుడూ పెండ్లామూ కూర్చోనుండారు. ఆళ్లగడ్డ నుంచి మనవడు ఇప్పుడే ఫోన్ చేసినాడు.

"బిడ్డ మూడు దినాల నుంచి సరిగ్గా నిద్రపోలేదంట. నువ్వొచ్చి నీళ్లు పోయాలంట."

"నేను పోను. ఆపొద్దు నేను నీళ్లు పోసినంక బిడ్డ పొద్దుగూకేదాకా లేయలేదని, నీ మనవడి పెండ్లాం నన్ను మంత్రగత్తె అనె."

"మంత్రగత్తె అంటే ఏందే?"

"మంత్రాలు తెలిసిన ఆడది."

"నీకేమన్నా తెలుసునా?"

"ఒగటి తెలుసు. బిడ్డను కాళ్ల మీద పండబెట్టుకొని, 'అయిపాయ నాయనా, అయిపాయ' అంటా."

"అంటే ఏడుపు నిలుస్తాదా?"

"నిలుస్తాది."

"ఇంగ ఆ పిల్ల అబద్ధమేం చెప్పె?"

"నువ్వు గూడా ఆ పిల్ల పక్కనే చేరు! నగుతాండావే, ముందు సాంబ్రాణి యాడుండాదో చెప్పు."

"ఫోన్ పెట్టేసిన ఎమ్మటే నీ సంచిలో పెట్టినా."