పైన ఎవరి పేరు

హలో… ఆ, రెత్నో అక్కా, నేను వూలన్‌ని… పెట్టేయకండి, రెండే నిమిషాలు.

తెలుసు. నా గొంతు వినాలని మీకుండదు… ఆఫీసు మెట్ల మీద కూర్చున్నా… లేదు, ఆయన పక్కన లేడు. మన బాసు సుహర్యో లోపల చెమటలు తుడుచుకుంటున్నాడు.

…అదే చెప్పబోతున్నా. ఇవాళ ఓడరేవు కంపెనీ వాళ్లొచ్చారు. మర్సినా గారు, ఇంకో ఇద్దరు. వచ్చే మూడేళ్ల పని మనకివ్వాలా వద్దా తేల్చడానికి…

ఇంకేం చూపిస్తాడు, మీ నమూనానే. కొత్త ఫైలు తెరవగానే సగం కోడు దానంతటదే వచ్చి కూర్చుంటుందే, అది. 'నేనే తయారుచేశా' అన్నాడు…

అవునక్కా, పైన ఆయన పేరే వచ్చేది. మిమ్మల్ని పంపించేసిన మర్నాడే మార్పించాడు. నా చేత. మీ పేరు చెరిపింది నేనే… తెలుసా మీకు?… ఇన్నాళ్లూ తెలిసే—

…సరే. ఏడవను. వినండి.

నిన్న సాయంత్రం ఆ నమూనా మళ్లీ తెరిచా… కోడు ముట్టుకోలేదు, ఒట్టు. పైన వచ్చే రెండు వరసలే మార్చా. 'దీన్ని రాసింది రెత్నో. ఆమెను ఉద్యోగంలోంచి తీసేసి తన పేరు వేయించుకున్నది సుహర్యో.' అంతే…

ఆ, పెద్ద తెర మీదే. మర్సినా గారు పైకి చదివారు, నెమ్మదిగా… ఆయన ఆ ఫైలు మూసేసి ఇంకోటి తెరిచాడు. మళ్లీ అదే. ఇంకోటి. మళ్లీ అదే…

నవ్వుతున్నారా? ఇంకా ఉంది. ఎవరో ఆకతాయి పనన్నాడు. ఆవిడేమో, 'మీరు తయారుచేసిందేగా, ఇక్కడే సరిచేయండి, చూస్తాం' అన్నారు.

…ఎక్కడ సరిచేస్తాడు? అది ఏ ఫోల్డర్లో ఉందో కూడా తెలీదాయనకి. పావుగంట వెతికాడు. అందరం చూస్తూ కూర్చున్నాం. నా వైపు చూశాడు… లేదు, నేను లేవలేదు.

…నన్నూ ఉద్యోగంలోంచి తీసేశాడు. భోజనాలప్పుడే. అమ్మకింకా చెప్పలేదు…

కాదక్కా, మీరు క్షమిస్తారని చేయలేదు. కడుపు మండి చేశా. ఆరు నెలలు ఆయన పేరు చూస్తూ పనిచేశా, రోజుకి ఇరవైసార్లు.

…అసలు సంగతి వినండి. మర్సినా గారు వెళ్తూ ఒకటే మాటన్నారు. రెత్నో ఉంటేనే పని ఇస్తామని. దాంతో ఆయన మీ నంబరు కోసం టేబుల్ టేబుల్‌కీ తిరిగాడు… నేనే ఇచ్చా. కాగితం మీద రాసి చేతిలో పెట్టా.

…రమ్మనట్లేదు. వెళ్తారో మానతారో మీ ఇష్టం. కానీ ఆయన అడగాలి. ఆయన నోటితో—

ఏంటి?… ఇంకో ఫోనొస్తోందా?… చివర్లో డెబ్బై రెండా? ఆయనే.

వద్దు, అప్పుడే ఎత్తకండి. మోగనివ్వండి… ఆగిందా?… ఉండండి, మళ్లీ చేస్తాడు…

చేశాడా. మోగనివ్వండి.

…లేదక్కా, నేను పెట్టేస్తున్నా. మూడోసారికి ఎత్తండి. ఎత్తి, 'ఎవరు మాట్లాడేది' అనండి. పేరు ఆయన్నే చెప్పనివ్వండి.